బక్కోనికి బీపీ ఏంది?

శాలువా కప్పుకున్న వయసు

నాకు ముప్పై నాలుగేళ్ళు. పోయిన వేసవిలో నాకు వీడ్కోలు సభ జరిగింది. శాలువా కప్పారు, దండ వేశారు, గోడ గడియారం చేతిలో పెట్టారు. సభకు వచ్చిన ఒక పెద్దమనిషి అలవాటు కొద్దీ నా శేష జీవితం ప్రశాంతంగా గడవాలని దీవించాడు. ఆయన దీవెనను నేను ఖండించలేదు. నేను నర్సుగా పనిచేసిన సంచార వైద్యశాల మూతపడింది గనుక ఆ ఉద్యోగం వరకు నేను విశ్రాంతురాలినే. ఇప్పుడు నిజామాబాద్‌లో నర్సింగ్ విద్యార్థులకు పాఠాలు చెబుతున్నాను. రేపో మాపో ఇదే పనిలోకి దిగబోయే ఆ పిల్లలు ‘అక్కా, ఆ పని అసలెట్లుంటది’ అని అడిగారు. ఈ రాత వాళ్ళ కోసం.

పదోన్నతుల గురించి రాయడానికి ఏమీ లేదు. ఉన్న ఒక్క పదవిలో చేరాను, ఆ పదవిలోనే ముగించాను. ఒక ధర్మసంస్థ నడిపిన వ్యాను అది. వర్ని, చందూర్, ధర్పల్లి, బోధన్ వైపు ఊళ్ళకు వంతుల వారీగా వెళ్ళేది. బరువు, బీపీ, షుగరు చూడడం, గోళీలు ఇవ్వడం, మళ్ళీ నెల వచ్చి మింగారో లేదో అడగడం మా పని. చెప్పడానికి ఇంతే. చేయడానికి మాత్రం మనుషులతో వాదించాలి.

వాదం నాకు కొత్త కాదు. కళాశాలలో చదివినన్నాళ్ళూ వక్తృత్వ పోటీలకు వెళ్ళినదాన్ని. ఎవరు ఏ మాటన్నా ‘దీనికి ఆధారం?’ అని అడగడం నాకు ఊపిరి లాంటిది. పప్పులో ఉప్పెక్కువైందన్నా ఆధారం అడిగే పిల్లను ఎవరు భరిస్తారని మా అమ్మ దిగులు పడేది. నన్ను భరించిన మొదటి పై అధికారి మా వ్యాను డాక్టరు రాంకిషన్ సారు.

గేటు దగ్గరి తూకం

సారు సర్కారు దవాఖానలో చేసి వచ్చిన మనిషి. మంచి చెయ్యి, మంచి మనసు, గడియారం మీద ఒక కన్ను. వ్యాను ఆగిన చోటల్లా జనం బారులు తీరేవారు. అందరికీ బీపీ చూడాలంటే పొద్దు చాలదు. అందుకని సారు ఒక పద్ధతి పెట్టారు. ముందు అందరూ గేటు దగ్గర బరువు చూసుకోవాలి. బరువెక్కువ ఉన్నవాళ్ళు బీపీ వరుసలోకి వెళ్ళాలి. బక్కగా ఉన్నవాళ్ళు చాయ్ తాగి ఇంటికి పోవచ్చు. పద్ధతి చకచకా నడిచేది, చాయ్ కూడా బాగుండేది. చేరిన కొత్తలోనే దాని మీద నాకు పేచీ మొదలైంది.

“సార్, బరువెక్కువున్నోళ్ళకు బీపీ ఎక్కువ వస్తదన్నది ఒప్పుకుంట. బీపీ ఉన్నోళ్ళందరు బరువున్నోళ్ళే అని ఎక్కడున్నది?” అన్నాను.

“ఎక్కడ లేదు. లైను ఎక్కడిదాక ఉన్నదో సూసినవా?”

“చెరకు తియ్యగుంటదని, తియ్యగున్నదంత చెరకేనా సార్?”

సారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆయనకు నవ్వు వచ్చినప్పుడల్లా అద్దాలకు మసి అంటేది. “అమ్మా ప్రతిపక్షమా,” అన్నారు, “వచ్చే క్యాంపు నాడు గేటు నీది. అందరిని సూడు. పొద్దుగూకినంక ఆకలైతుందని నా దిక్కు రాకు.”

ఇక్కడ సారు పక్షాన ఒక మాట చెప్పాలి. ఆయన తర్కం తప్పుదేమీ కాదు. వంద పనులుండి పది చేతులు లేనప్పుడు ఎక్కడ ఎక్కువ దొరుకుతుందో అక్కడ వెతకడం వివేకమే. వెతకని చోట ఏమీ లేదని ఊరు నమ్మడం మొదలుపెట్టినప్పుడే చిక్కు. మా గేటు బక్కవాళ్ళను వట్టిగా వెనక్కి పంపలేదు, వాళ్ళకు ఒక ధ్రువపత్రం ఇచ్చి పంపినట్టయింది. చాయ్ గ్లాసే ఆ ధ్రువపత్రం.

ధర్మకాంటా మనిషి

ఆ క్యాంపు బోధన్ రోడ్డు మీద, ఒక ధర్మకాంటా పక్క రేకుల షెడ్డులో జరిగింది. లారీలనూ ట్రాక్టర్లనూ నిలబెట్టి తూచే పెద్ద కాంటాను మా వైపు ధర్మకాంటా అంటారు. చెరకు సాగు తగ్గి వరి పెరిగాక కూడా దానికి పని తగ్గలేదు. దాని గదిలో కూర్చుని తూచే మనిషి పోశెట్టి; మా వైపు బాబాయిని కాక అంటాం, ఆయన అందరికీ పోశెట్టి కాకే. అరవై దాటిన బక్క మనిషి. చొక్కా ఆయన ఒంటి మీద కాకుండా కొక్కేనికి వేలాడుతున్నట్టు ఉండేది. చేతిలో ఎప్పుడూ బీడీ. తన కాంటా అబద్ధమాడదన్నది ఆయన మొదటి నమ్మకం. బక్క మనిషికి రోగం రాదన్నది రెండోది.

కాంటా పక్కనే పంక్చర్ దుకాణం గౌస్ చాచాది. చాచా లావు మనిషి, కూర్చుంటే టైరు కనిపించేది కాదు. బీపీ గోళీలు వేసుకుంటూ చాలా కాలమైంది. ఇద్దరూ చిన్నప్పటి దోస్తులు. నెలనెలా చాచాను వ్యాను దాకా తీసుకొచ్చేది కాకే. తెచ్చి, తానూ సరదాగా మా తూకం ఎక్కి, దిగి, చాయ్ గ్లాసు పట్టుకుని, వరుసలో నిలబడ్డ దోస్తును ఆటపట్టించడం ఆయన వినోదం.

“గౌస్ భాయ్, ఓవర్‌లోడున్నవ్. రోడ్డెక్కితె ఆర్టీవోడు పట్టుకుంటడు.”

“నువ్వు ఖాళీ బండివి. గాలొస్తె మహారాష్ట్రల తేల్తవ్.”

“తేలితె తేలిన. నీ జనాజాకు మాత్రం వాపస్ వస్త, ఫికర్ చెయ్యకు.”

చాచా నవ్వేవాడు. ఆ నవ్వు వెనక ఉన్నదేమిటో తర్వాత తెలిసింది. బోధన్‌లో ఏ దవాఖానకు పోయినా ఆయన్ను చూడగానే మొదటి మాట ‘తగ్గు’ అట. మోకాలి నొప్పికి పోయినా తగ్గు, చెవిపోటుకు పోయినా తగ్గు. చివరికి పోవడమే తగ్గించాడు. కొత్తగా పనిలోకి వచ్చే మీరు ఈ మాట గుర్తుంచుకోండి: మన వృత్తిలో బక్కవాళ్ళను చూడకుండా పంపుతాం, లావువాళ్ళను చూసి తిట్టి పంపుతాం. రెండు రకాలుగానూ మనిషి చేజారిపోతాడు.

ఆ రోజు గేటు నాది గనుక కాకకు చాయ్ ఇవ్వకుండా కుర్చీ చూపించాను.

“నన్నెందుకు బిడ్డా? నాది తూకం తక్కువొచ్చింది గద.”

“ఇయ్యాల అందరికి సూస్తున్నం కాక.”

పట్టీ చుట్టాను. పట్టీ గురించి ఒక మాట. బీపీ చూసే పట్టీ చేతికి సరిపోవాలి. లావు చేతికి ఇరుకు పట్టీ చుడితే లేని బీపీ కనిపిస్తుంది. సన్నటి చేతికి పెద్ద పట్టీ చుడితే ఉన్న బీపీ కొంత దాగుతుంది. పోశెట్టి కాక చేతికి మామూలు పట్టీ వదులుగా ఉంది. అంటే అంకె అసలు కన్నా తక్కువ చూపాలి. అయినా పై అంకె రెండు వందలకు దగ్గరగా ఉంది. చిన్న పట్టీ వేసి, కాసేపు కూర్చోబెట్టి మళ్ళీ చూశాను. ఇంకా పెరిగింది. సారును పిలిచాను. ఆయన స్వయంగా రెండు చేతులకూ చూసి అద్దాలు తీశారు. ఈసారి నవ్వు కోసం కాదు.

“మీ మిషన్ ఖరాబైంది,” అన్నాడు కాక.

“గౌస్ చాచాది గిదే మిషన్ల సూస్తిమి గద కాక.”

“వానికున్నది, సూపెట్టింది. బక్కోనికి బీపీ ఏంది? అయినా నాకు కోపమే రాదు. మా ఇంట్ల బీపీ ఉంటె గింటె మా ఇంటామెకుండాలె.”

షెడ్డంతా నవ్వింది. మా వైపు కోపిష్టిని చూసి ‘వానికి బీపీ ఎక్కువ’ అంటారు. ఆ నానుడి ఎందరి ప్రాణం మీదకు తెచ్చిందో ఎవరూ లెక్క వేసి ఉండరు. శాంతమూర్తులు దాన్ని నమ్మి హాయిగా తిరుగుతుంటారు.

రెండు వేరువేరు కేసులు

తరగతిలో నేను దీన్ని కోర్టు భాషలో చెబుతుంటాను. బరువు మీద ఒక కేసు ఉంది. అది పెరిగితే బీపీ పెరిగే అవకాశం పెరుగుతుంది. షుగరు, గుండె, కిడ్నీల మీదా భారం పడుతుంది. సాక్ష్యం బలంగానే ఉంది. బీపీ మీద ఇంకో కేసు ఉంది. అది రక్తనాళాలను లోపల్నుంచి దెబ్బతీస్తుంది. గుండెపోటుకూ పక్షవాతానికీ చావుకూ దారి వేస్తుంది. ఇక్కడా సాక్ష్యం బలంగానే ఉంది. ఈ ముద్దాయిలిద్దరూ తరచుగా జంటగా తిరుగుతారు గనుక ఒకడు లేని చోట రెండోవాడూ ఉండడని మనం అనుకుంటాం. బీపీ ఒంటరిగా కూడా వస్తుంది. వచ్చినప్పుడు మనిషి బక్కగా ఉన్నాడని కనికరించదు.

ఇంకో తిరకాసు ఉంది. బీపీ ఉన్నవాళ్ళను ఏళ్ళ తరబడి గమనించిన కొన్ని పరిశోధనల్లో మరీ లావుగా ఉన్నవాళ్ళకే కాదు, మరీ బక్కగా ఉన్నవాళ్ళకు కూడా చావు ముప్పు ఎక్కువగా కనబడింది. కొన్నిట్లో కాస్త ఒళ్ళున్నవాళ్ళే మెరుగనిపించారు. ‘అయితే తినొచ్చు’ అని సంబరపడకండి. బక్కతనం చాలాసార్లు ఆరోగ్యానికి గుర్తు కాదు. బీడీ, పొగాకు, బయటపడని జబ్బు, తక్కువ తిండి మనిషిని అరగదీసి ఆ రూపం ఇచ్చి ఉండవచ్చు. పైగా బక్కవాళ్ళకు ఎవరూ బీపీ చూడరు, చూసినా వాళ్ళు నమ్మరు. ఏ కారణం వాటా ఎంత అన్న దాని మీద పెద్దవాళ్ళ వాదం ఇంకా నడుస్తూనే ఉంది. తీర్పు రాలేదని చెప్పడానికి నాకు మొహమాటం లేదు. కాని వ్యాను కిటికీ దగ్గర నిలబడ్డ నర్సుకు కావలసినంత తీర్పు వచ్చేసింది: పట్టీ అందరికీ చుట్టాలి. తూకం గేటు కాకూడదు.

సారు ఆ సాయంత్రమే గేటు తీసేశారు. “ప్రతిపక్షం గెలిచింది. ఆకలైతలేదా?” అన్నారు. ఆకలి వేసింది కానీ ఆయన దిక్కు పోలేదు.

గెలిచిన వాదం, కదలని మనిషి

సారును గెలవడం తేలికైంది. పోశెట్టి కాకను మాత్రం గెలవలేకపోయాను.

సారు ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకుని మెల్లగా చెప్పారు. “పోశెట్టీ, గీ అంకెతోని తిరుగుతున్నవంటె అది నీ అదృష్టం. అదృష్టం గోలీ గాదు. ఒకనాడు పొద్దుగాల లేస్తవు, కాలు లేవది, మాట రాది. గంతదాక తెచ్చుకోకు.”

“పక్షవాతం లావోళ్ళకొస్తది సారూ. నాకు తలకాయ గూడ నొస్తలేదు.” గోళీలు జేబులో పెట్టుకుని పోయాడు. మరుసటి నెల అవే గోళీలు అదే జేబులో ఉన్నాయి, బీడీ కట్ట పక్కన, ఒక్కటీ తగ్గకుండా.

నా వంతు వచ్చింది. ఆయన కాంటా గది దగ్గరికే వెళ్ళాను, హమాలీలంతా ఉన్నప్పుడు. ఆయన భాషలోనే వాదించాలని రాత్రంతా తయారైన వాదం నాది.

“కాక, బండి కాంటా మీదికొస్తె బరువెంతో చెప్తవు. బిరేకులు పడ్తయో లేదో చెప్తవా?”

“అది కాంటా పని గాదు బిడ్డ. మెకానిక్ పని.”

“నేను మెకానిక్‌నే కాక.”

“అయితె బండి ఆగిన్నాడు రా. ఉరికే బండిని ఎవడన్న ఇప్పుతడా?”

హమాలీలు చప్పట్లు కొట్టారు. పోటీల్లో అన్నేళ్ళు నిలబడ్డదాన్ని, అంత శుభ్రంగా ఎప్పుడూ ఓడలేదు. ‘ఆగిన బండి మళ్ళీ కదలకపోవచ్చు కాక’ అన్న జవాబు నాకు తోచేసరికి వ్యాను నిజామాబాద్ పొలిమేరలకు వచ్చింది.

నా చదువు నాకు నేర్పని సంగతి ఇది. పోటీలో న్యాయనిర్ణేతను ఒప్పిస్తే చాలు, ఎదుటివాడు ఒప్పుకోనక్కరలేదు. మన పనిలో న్యాయనిర్ణేత లేడు. ఎదుటివాడు గోళీ మింగితేనే గెలుపు. పోశెట్టి కాక నిజంగా నిరాకరించింది గోళీని కాదనుకుంటాను. అన్నేళ్ళుగా ఆ జంటలో రోగి చాచా, ఆరోగ్యవంతుడు తాను. ఒక్క గోళీ మింగితే ఆ పాత్ర పోతుంది. ఆటపట్టించే హక్కు పోతుంది.

చాచా సమ్మె

ఇది చాచాకు నా కన్నా ముందే తెలుసేమో. ఆ తర్వాతి క్యాంపులో ఆయన వరుసలోకి రాలేదు. తన దుకాణం ముందే కూర్చుని, అందరికీ వినపడేలా చెప్పాడు.

“ఇయ్యాల్టి నుంచి నా గోలీ గూడ బంద్.”

కాక నవ్వాడు. “ఏమైంది, తూకం తగ్గిందా?”

“తగ్గలే. నువ్వు ఏసుకోకుంటె నేను ఏసుకోను. అంతే బాత్.”

“నాకు రోగం లేదు గౌస్ భాయ్.”

“అరె పోశెట్టీ, చిన్నప్పటి నుంచి టైర్లు సూస్తున్న. ఖాళీ బండి టైరు పగలదా? బరువు వేరె, గాలి వేరె. నా దగ్గర లోడున్నది, నీ దగ్గర గాలున్నది. పగిలేటిది రెండూ పగుల్తయ్.”

“పగులనియ్యి. నీ పని నువ్వు సూసుకో.”

“సూసుకుంటున్న. నువ్వు పోయినంక ఈడ ఒక్కన్నే కూసోని గాలి కొట్టలేను. నాకు బోర్ కొడ్తది.”

కాక బీడీ వెలిగించుకోబోయి మళ్ళీ చెవి మీద పెట్టుకుని కాంటా గదిలోకి పోయాడు.

నేను చాచా దగ్గరికి పరుగెత్తాను. ఇది తప్పని, ఎవరినో ఒప్పించడానికి తన మందు మానడం ప్రమాదమని గట్టిగానే చెప్పాను. మీకూ చెబుతున్నాను: ఏ రోగీ ఇలా చేయకూడదు, ఏ నర్సూ చూస్తూ ఊరుకోకూడదు. చాచా గోళీలు తీసుకుని పక్కన పెట్టాడు. “నాకు చెప్పకు బేటీ, గానికి చెప్పు,” అన్నాడు. సారు కూడా మాట్లాడి చూశారు. తిరుగు ప్రయాణంలో ఆయన కిటికీ వైపే చూస్తూ, “ఒకన్ని కాపాడవోయి ఇద్దరిని పోగొట్టుకుంటమా ఏంది,” అన్నారు. ఆ నెలంతా బోధన్ వైపు నుంచి ఫోను వచ్చినప్పుడల్లా ముందు చాచా సంగతే అడిగేదాన్ని.

మళ్ళీ వ్యాను ధర్మకాంటా దగ్గర ఆగింది. మేము కుర్చీలు దింపుతుండగానే పోశెట్టి కాక వచ్చాడు. ఒక్కడే కాదు, గౌస్ చాచాను చొక్కా చెయ్యి పట్టుకుని, మొరాయించే ఎద్దును లాగినట్టు లాక్కొస్తున్నాడు. తన బరువుకు రెండింతల మనిషిని అలా లాగడం చూస్తే ఎవరికైనా నవ్వు రావాలి. కాక ముఖం చూశాక రాలేదు. నెల రోజుల నిద్ర బాకీ ఉన్న ముఖం అది.

“ముంగట నాకియ్యి,” అన్నాడు. “వీని కండ్ల ముంగట మింగుత. మింగినంక వీని నోట్ల ఎయ్యి. జిద్ది మనిషి, మొండోడు, సస్తడు గిట్లనే. రోజు అడుగుతున్న, ఏసుకున్నవారా అని. ‘నువ్వు?’ అంటడు. ఇంకేం మాట్లాడడు.”

పట్టీ చుట్టి చూశాను. అంకె మునుపటి లాగే పైనే ఉంది. గోళీ ఇచ్చాను. కాక నీళ్ళు అడగకుండానే మింగి, నోరు తెరిచి చాచాకు చూపించాడు. చాచా తల ఊపాడు.

“రోజు ఏసుకోవాలె కాక. ఇయ్యాల ఒక్కనాడు గాదు.”

“ఏసుకుంట. వీడు ఏసుకున్నన్ని రోజులు నేనేసుకుంట. ఇగ వీనిది సూడు. నెల అయింది గోలీ లేక. శాన లేసి ఉంటది.”

పెద్ద పట్టీ తీసి చాచా చేతికి చుట్టాను. చాచా నా వైపు చూడలేదు. రోడ్డు మీద పోతున్న చెరకు ట్రాక్టరును శ్రద్ధగా చూస్తున్నాడు. మిషన్ గాలి వదిలింది. అంకె వచ్చింది. అనుమానం కొద్దీ మళ్ళీ చూశాను. అదే అంకె; నెలనెలా ఆయనకు వచ్చే మామూలు అంకె, మందు సరిగ్గా పనిచేస్తున్న మనిషి అంకె. నెల రోజులు గోళీ మానిన ఆయన ఒంట్లో అది ఉండే వీలు లేదు. చాచా ఒక్క రోజు కూడా మానలేదు.

“ఎంతున్నది బిడ్డా?” కాక మీదికి వంగాడు. “శాన లేసిందా?”

చాచా ఇంకా ట్రాక్టరును చూస్తూనే ఉన్నాడు. అది ఎప్పుడో మలుపు తిరిగింది.

ఆధారాన్ని దాచడం వాదానికి ద్రోహమని జూనియర్లకు నేర్పినదాన్ని నేను. అంకెల మీదికి నా బొటనవేలు జరిగింది. ప్రతి మాటా నిజమే అయ్యేలా ఒక వాక్యం కట్టాను.

“ఇద్దరు రోజు ఏసుకుంటేనే ఇద్దరికి మంచిది కాక.”

“ఇన్నవారా?” కాక దోస్తు వీపు మీద ఒక్కటి వేశాడు. ముఖంలోకి పాత వెలుగు వచ్చింది. “నేను రాకపోతె నువ్వు సస్తుంటివి.”

“అవు పోశెట్టీ,” అన్నాడు గౌస్ చాచా. “నీ వల్లనే బతికిన.”

ఖండించడానికి కావలసిన ఆధారం నా బొటనవేలి కిందే ఉంది. మిషన్ ఆపేసి, పట్టీ విప్పి, మడత పెట్టాను.